మూడో అర

పన్నెండింటికల్లా ముసలాయన్ని కోర్టుకి తీసుకెళ్ళిపోతారు. ఇప్పుడు టైము పదీ నలభై. తన నోటితో తానే ఒప్పుకున్న హత్యని ఆ మనిషి చెయ్యలేదని గంటా ఇరవై నిమిషాల్లో తేల్చాలి. బుద్ధున్నవాళ్ళెవరూ ఇలాంటి కేసు ఒప్పుకోరు. స్టెనో ఒప్పుకుంది.

ఇరవై రెండేళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా చేసి, సాక్షులు చెప్పిన అబద్ధాలు పొల్లుపోకుండా రాసి రాసి, ఒకరోజు విసుగెత్తి ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. బోర్డు మారినా పిలుపు మారలేదు. మనుషులు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో ఎక్కించే అలవాటూ మారలేదు.

"మళ్ళీ మొదట్నించీ చెప్పమ్మా," అంది.

ఎదురుగా కూర్చున్నది ముసలాయన కూతురు. ముప్ఫై దాటిన మనిషి. మూడు రోజుల్నించీ నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళున్నది జీన్ల గదిలో, ఒకప్పుడు గుర్రాల మీద వేసే జీన్లు దాచిన చోట. ఈ గుర్రాల శాల మొత్తానికి నిప్పుగూడు ఉన్నది ఈ గదికొక్కదానికే. తోలు చెమ్మెక్కకుండా గుర్రాలకి లేని వెచ్చదనం జీన్లకి పెట్టారు. జీన్లూ గుర్రాలూ పోయి ముప్ఫై ఏళ్ళయింది. గోడలకి చెక్క కొయ్యలు మాత్రం వరసగా మిగిలాయి.

"సోమవారం నాలుగున్నరకి నాన్న దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళకి కాపడం పెట్టాను. ఐదూ పదికి దిగి బస్సెక్కాను. ఆ మధ్యలో నాన్న మంచం దిగనే లేదు."

"సరిగ్గా నాలుగున్నరేనా?"

"కాస్త అటూ ఇటూ."

"అటా? ఇటా?"

"గడియారం చూసుకోలేదండీ."

"ఆర్కిటెక్టు పోయాడని నీకెప్పుడు తెలిసింది?"

"ఏడింటికి. పోలీసులు ఫోన్ చేస్తే."

స్టెనో రాసుకుంది. చనిపోయిన ఆర్కిటెక్టు దగ్గరే ఈ అమ్మాయి మూడేళ్ళుగా పని చేస్తోంది. ఈ కట్టడంలో ప్రతి గోడనీ ప్రతి గుమ్మాన్నీ టేపు పెట్టి కొలిచి ప్లాను గీసింది తనే. తండ్రి గుర్రాలు తోమిన చోటే కూతురు కొలతలు తీసింది. ఆ మాట చెప్పినప్పుడు మొదటిరోజు గొంతులో కాస్త గర్వం వినిపించింది, పాపం.

"నాన్న చెయ్యలేదు. అదొక్కటి తేల్చండి చాలు. నాకింకేం వద్దు," అంది అమ్మాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

స్టెనోకి జాలేసింది. ఇలాంటి వాళ్ళ దగ్గర ప్రశ్నలు తక్కువ అడుగుతుంది. మంచితనమనుకుంటుంది గానీ, ఈ వృత్తిలో అది శుద్ధ బద్ధకం. ఆ సంగతి ఆవిడకి ఇంకో గంటలో తెలిసొస్తుంది.

బయట సన్నగా చినుకు. కట్టడం ఎల్ ఆకారంలో ఉంటుంది. పొడుగాటి భాగం గుర్రాల శాల, గుర్రానికొకటి చొప్పున వరసగా ఎనిమిది అరలు. దాని ఒక కొస వీధి గేటు వైపు, రెండో కొస ఈ జీన్ల గది. ఇక్కడ మలుపు తిరిగితే మూడు పెద్ద కమానులతో బగ్గీలు పెట్టే సావిడి. సావిడి మీద ఒక గది, దానికి బయటనుంచి మెట్లు. ముసలాయన యాభై ఏళ్ళుగా ఉంటున్నది ఆ గదిలోనే.

ఆ మెట్ల కిందే సున్నం కలుపుతున్నాడు మేస్త్రీ. శవాన్ని మొదట చూసింది ఇతనే.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నాలుగున్నర నుంచీ ఇక్కడే ఉన్నాను. మీరిప్పుడు నించున్న చోటే."

"మెట్లెక్కిందెవరు?"

"అమ్మాయొక్కతే. నేనొచ్చిన ఐదు నిమిషాలకి. గంట కొట్టినట్టు ఐదూ పదికి దిగి వెళ్ళిపోయింది. బస్సు అప్పుడే కదా."

నాలుగూ ముప్ఫై అయిదు. అంటే 'ఇటు' అన్నమాట. స్టెనో అది కూడా రాసింది.

"ఇంకెవరూ ఎక్కలేదా? ముసలాయన దిగలేదా?"

"దిగితే నా నెత్తి మీదే దిగాలి. ఐదూ ఇరవైకి సున్నం మోసే గమేళా కోసం శాలలోకెళ్ళాను. ఆయన పడున్నాడు. తల కింద... ఛ, ఎందుకులెండి. కేకేద్దామంటే నోరు పెగల్లేదు. వాకిట్లోకొచ్చి, జేబులో ఫోనుంటే పోలీసులకి చేసి, ఈ మెట్టు మీద కూలబడ్డాను. కాళ్ళు ఆడితేగా!"

"ఫోనులో ఏ అర అని చెప్పావు?"

"అరలూ నంబర్లూ నాకెందుకమ్మా? గుర్రాల కొట్టంలో మనిషి చచ్చిపడున్నాడు, రండి మహాప్రభో అన్నాను. అంతే."

"తర్వాత?"

"ఐదూ నలభై అయిదుకి జీపొచ్చింది. జీపు చప్పుడుకి పెద్దాయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. ఇన్స్పెక్టరు కాలు నేల మీద పెట్టాడో లేదో, 'మూడో అరలో ఆయన్ని తోసేసింది నేనే' అనేశాడు. నాకు మతిపోయింది."

పోలీసుల బలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పోలీసులు లోపల అడుగు పెట్టకముందే, ఎవరూ ఏమీ చెప్పకముందే, శవం ఎక్కడుందో ఆయన చెప్పాడు. చూడని మనిషికి ఎలా తెలుస్తుంది? మూడు రోజులుగా స్టెనో తల బొప్పి కట్టింది ఇక్కడే. చావు నాలుగూ ఇరవైకీ నాలుగూ ముప్ఫై అయిదుకీ మధ్య జరిగింది. ఇరవైకి ఆర్కిటెక్టు పెళ్ళాంతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాడు. ముప్ఫై అయిదుకి ఆవిడ మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మేస్త్రీ రాకముందు ముసలాయన దిగి, తోసేసి, ఎక్కి పడుకున్నాడని ఇన్స్పెక్టరు వాదన. గోడ పట్టుకుని మెట్టుకో నిమిషం తీసుకునే మనిషి అంత గబగబా ఎలా చేశాడంటే, కోపమొస్తే మోకాళ్ళు గుర్తుండవు మేడమ్, అంటాడు.

శాల గేటు వైపు తలుపు దగ్గర కానిస్టేబుల్ని బతిమాలి లోపలికెళ్ళింది. పగలే అయినా మసక మసగ్గా ఉంది. కిటికీలు మనిషి తలకన్నా ఎత్తున పెట్టారు, గుర్రం కళ్ళలో సూటిగా వెలుతురు పడకూడదని. గుమ్మాల అంచులన్నీ గుండ్రంగా చెక్కారు, లోపలికీ బయటికీ తిప్పేటప్పుడు డొక్క గీసుకోకుండా. అరకీ అరకీ మధ్య మనిషెత్తు చెక్క గోడ. నేల వెనక్కి వాలుగా వచ్చి కాలవలో కలుస్తుంది. ఎదురుగోడకి దాణా తొట్టి, దాని పైన అటకలో చదరపు కంత, ఎండుగడ్డి పైనుంచి వెయ్యడానికి. జంతువు సుఖం కోసం ఇంత ఆలోచించిన మహానుభావుడు, ఎనిమిది గుర్రాల్నీ కాసే మనిషికి మాత్రం సావిడి మీద వానకి కారే ఒక్క గది ఇచ్చాడు.

ఏ అర మీదా నంబరు లేదు. గేటు వైపు నుంచి మూడోదాన్లో నేల మీద సుద్దగీత. రాతి తొట్టి అంచున మరక నల్లబడింది. తోస్తే వెనక్కి పడ్డాడు, తల ఆ అంచుకి తగిలింది. పక్కన దొరికినవి ఒక టార్చి లైటు, చిటికెన వేలంత పిడి ఉన్న సుత్తి. ఆర్కిటెక్టు సంచిలో సుత్తి ఉండటం వింత కాదని పోలీసులు దాన్ని వదిలేశారు.

స్టెనో గోడ వైపు చూసింది. పై నుంచి కింది దాకా సన్నటి పగులు. దాని మీద అడ్డంగా వేలెడంత గాజు పట్టీ, రెండు కొసలా గచ్చుతో అంటించి ఉంది. పగులు పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పెట్టే పట్టీ అది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు ఫట్‌మంటుంది. దీని మీద రెండేళ్ళ కిందటి తేదీ ఉంది, పట్టీ చెక్కుచెదరలేదు.

పక్క అరలోకెళ్ళింది. అక్కడా పగులు, అక్కడా పట్టీ, కానీ రెండు ముక్కలు. మొదటి అరలోనూ అంతే. కింద గాజు రవ్వలు మిలమిలా మెరుస్తున్నాయి. రెండేళ్ళ దుమ్ము పట్టిన నేల మీద దుమ్ము పట్టని గాజు!

గోడలు కదులుతున్నాయి, మొత్తం పడగొట్టాల్సిందే అని ఆర్కిటెక్టు రిపోర్టు రాశాడు. మర్నాడు కూల్చాలో వద్దో తేల్చే కమిటీ వాళ్ళు చూడ్డానికి రావాలి. గోడలేమో కదల్లేదు. అందుకే సుత్తితో తయారయ్యాడు. ఒకటి కొట్టాడు, రెండోది కొట్టాడు, మూడోది కొట్టబోతుంటే ఎవరో ఆపారు. గాజు పగలడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆపారు.

పట్టీ మీద తేదీ గుండ్రటి అక్షరాల్లో, ఓపిగ్గా రాసి ఉంది. ఆ రాత ఎవరిదో స్టెనోకి తెలుసు. పట్టీలు అంటించింది ఆ అమ్మాయే కదా, ఇంకెవరిదై ఉంటుంది అనుకుని ముందుకెళ్ళింది.

పదకొండూ పదికి సావిడి వాకిట్లోకి జీపొచ్చింది. ఇన్స్పెక్టరు దిగాడు. ఒకప్పుడు ఈయన బోనులో నిలబడి చెప్పిన సాక్ష్యాలన్నీ స్టెనో రాసుకున్నవే. 'గుర్తులేదు' అన్న మాట ఈయన ఎన్నిసార్లు అన్నాడో ఆవిడకి గుర్తుంది. అందుకే ఆవిణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మంట.

"ఏం స్టెనోగారూ, డిక్టేషన్ అయిపోయిందా?"

"మీరు ఆపితే కదండీ అయ్యేది."

"ఇంకా యాభై నిమిషాలు. ఆయనతో చోటు చూపించి, ఫోటో తీయించి తీసుకెళ్ళిపోతా. మీరు అడ్డురాకండి."

"పట్టీలు పగలగొట్టిందెవరో చూశారా?"

"గోడలు కదిలి పగిలాయి. రిపోర్టులో ఉంది."

"రవ్వల మీద దుమ్ము లేదు."

ఇన్స్పెక్టరు శాల వైపు ఓసారి చూశాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. "అయితే మరీ మంచిది. ఇల్లు కూల్చడానికి వాడు గాజు పట్టీలు పగలగొడుతుంటే ముసలాయన చూశాడు. ఆవేశం వచ్చింది. నా కేసే బలపడింది, థాంక్సండీ!"

స్టెనో పళ్ళు కొరుక్కుంది. తవ్వి తీసిన ఆధారాన్ని ఎదటివాడి చేతిలో పెట్టడమంటే ఇదే. వెనకాల జీన్ల గది గుమ్మంలో అమ్మాయి వచ్చి నిలబడింది. తండ్రి చేతులకి బేడీలు చూసి గుమ్మం పట్టుకుంది.

ముసలాయన్ని కానిస్టేబుల్ రెక్క పట్టుకుని దింపాడు. డెబ్భై ఆరేళ్ళు. ఒకప్పుడు మంచి పొడగరి అయ్యుంటాడు. ఇప్పుడు నడుము దగ్గర విరిగాడు. కూతురి వైపు చూడలేదు.

"తాతా," అంది స్టెనో పక్కన నడుస్తూ, "ఆయన చేతిలో ఏముంది అప్పుడు?"

"ఏముంటుందమ్మా? కాగితాలు."

సుత్తి సంగతి తెలియదు! ఇన్స్పెక్టరు విననట్టే నటించాడు. స్టెనో 'కాగితాలు' అని పుస్తకంలో రాసుకుంది.

"నడవయ్యా. ఎక్కడ తోశావో అక్కడికి నువ్వే తీసుకెళ్ళు. ఎవరూ మాట్లాడకండి," అన్నాడు ఇన్స్పెక్టరు.

జీన్ల గది పక్క తలుపులోంచి శాలలోకి ప్రవేశించారు. ముందు ముసలాయన, వెనక అందరూ. లోపలికి రాగానే ఆ నడకే మారిపోయింది. కాలవ ఎక్కడుందో, రాయి ఎక్కడ ఎత్తుగా ఉందో కిందికి చూడకుండానే తప్పించుకుంటూ వెళ్ళాడు. మొదటి అర దాటాడు. రెండోది దాటాడు. మూడోదాని ముందు ఆగి లోపలికి తిరిగాడు.

"ఇక్కడేనండీ. ఇదిగో, ఈ తొట్టికే తల తగిలింది."

కానిస్టేబుల్ ఫోటో తీయబోయి చెయ్యి దించేశాడు. సుద్దగీత లేదు. మరక లేదు. ముసలాయన చెయ్యి వేసింది రాతి తొట్టి మీద కాదు, పుచ్చిపోయిన చెక్క తొట్టి మీద.

"ఏయ్, వేషాలా?" ఇన్స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు. "మూడో అర అన్నావు కదా!"

"మూడోదే కదండీ ఇది!"

"ఇది మూడోదా? లెక్క రాదా నీకు?"

అంతే, ముసలాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నాకు లెక్క నేర్పుతారేంటి సార్? ముప్ఫై ఏళ్ళు ఈ చేత్తో దాణా పోశాను! జీన్ల గది పక్కది ఒకటి. తర్వాత రెండు. ఇది మూడు. జీను మోసుకొచ్చేవాడికి ఏది దగ్గరైతే అదే ఒకటో అర. మా నాన్న అంతే లెక్కపెట్టాడు, నేనూ అంతే. ఎవర్నైనా అడగండి!"

అడగడానికి ఎవరున్నారు? అలా లెక్కపెట్టేవాళ్ళు ఈయన తప్ప అందరూ పోయారు.

ఇన్స్పెక్టరు జేబులోంచి ప్లాను తీసి విప్పాడు. గేటు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, ఎనిమిది దాకా చక్కగా అంకెలు వేసి ఉన్నాయి. కాగితం మీద మూడు ఎక్కడుందో, ముసలాయన వేలు పెట్టి లెక్కేస్తే అది ఆరోది.

స్టెనోకి అరికాలి నుంచి నెత్తిదాకా సంతోషం తన్నుకొచ్చింది. ఆవిడ జీవితంలో చేసిన పెద్ద పొరపాటు ఏదంటే, ఆ సంతోషంలో నోరు తెరవడమే.

"ఇన్స్పెక్టర్‌గారూ, పప్పులో కాలేశారు!" అంది గట్టిగా. "మీ మూడూ ఈయన మూడూ ఒకటి కావు. శవం ఎక్కడుందో ఈయనకి తెలియనే తెలియదు. రాతి తొట్టో చెక్క తొట్టో తెలియదు, చేతిలో సుత్తి ఉందని తెలియదు. మూడో అర అని ఎవరో చెబితే విన్నాడు. ఆ చెప్పినవాళ్ళు ప్లాను లెక్కలో చెప్పారు, ఈయన గుర్రాల లెక్కలో అర్థం చేసుకున్నాడు. నూటికి నూరుపాళ్ళు నిర్దోషి. విప్పండి బేడీలు!"

చినుకు పెంకుల మీద టపటపమంటోంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు ఇన్స్పెక్టరు నెమ్మదిగా.

ఆ ఒక్క ప్రశ్నకి స్టెనో చేతిలో పుస్తకం వైపు చూసింది. జవాబు ఆవిడ పుస్తకంలోనే ఉంది, ఆవిడ చేత్తోనే రాసి ఉంది. మేస్త్రీ మెట్ల కింద కూర్చున్నంతసేపూ పైకి ఎక్కింది ఒక్కరే. మేస్త్రీకి నంబర్లు తెలియవు. అరల్ని ప్లాను లెక్కలో పిలిచేవాళ్ళు ఇద్దరు. ఒకరు చచ్చిపోయారు. ఏడింటిదాకా తనకేం తెలియదన్న మనిషి, ఐదూ పదికే మెట్లు దిగి వెళ్ళిపోయిన మనిషి. నాన్న చెయ్యలేదని తేల్చమంది గానీ, చేసిందెవరో కనుక్కోమని ఒక్కసారి కూడా అడగని మనిషి.

స్టెనో వెనక్కి తిరిగి చూడలేకపోయింది.

ముసలాయనకి కూడా అప్పుడే అర్థమైంది. "ఎవరూ చెప్పలేదు!" అన్నాడు. "ఎవరూ చెప్పలేదండీ! నేనే మర్చిపోయాను, వయసు మీద పడింది. ఇది కాదు, అక్కడ... అక్కడే తోశాను, రండి చూపిస్తా!" బేడీల చేతులతో చెక్క గోడ పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ ముందుకి పరిగెత్తబోయాడు. నాలుగో అర దగ్గరే మోకాలు మడత పడింది. కానిస్టేబుల్ పట్టుకోకపోతే పడేవాడే. "సుత్తి కూడా ఉంది సార్, ఇప్పుడు గుర్తొచ్చింది. ఉంది, చూశాను!"

"నాన్నా, ఆగు."

ఆ అమ్మాయి జీన్ల గది గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఏడవడం లేదు. గొంతు మామూలుగానే ఉంది.

"నేను గేటు వైపు నుంచి లెక్కపెట్టాను, నాన్నా."

ఇన్స్పెక్టరు ప్లాను మడిచేశాడు.

"నా పట్టీలు పగలగొడుతున్నాడు," అంది అమ్మాయి ఎవరి వైపూ చూడకుండా. "నేను అంటించినవి. రెండేళ్ళు నెలనెలా చూసి రాసుకున్నాను, ఒక్కటీ కదల్లేదని. చెయ్యి పట్టుకుని లాగాను. నవ్వాడు. తోశాను. అంతేనండీ. లేస్తాడనుకున్నాను. పైకెళ్ళి నాన్నకి చెప్పాను, మూడో అరలో పడున్నాడు, లేవట్లేదు అని. నువ్వు బస్సెక్కి వెళ్ళిపో, నేను చూసుకుంటానన్నాడు. ఏం చూసుకుంటాడో నాకు చెప్పలేదు."

ముసలాయన కూతురి వైపు తిరిగాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె మొహం చూశాడు. ఏమంటాడోనని అందరూ చూస్తుంటే, చిన్నపిల్లని కేకలేసినట్టు కేకలేశాడు.

"గేటు వైపు నుంచా? గేటు వైపు నుంచి లెక్కపెడతావా నువ్వు? ఇక్కడే పుట్టావు, ఇక్కడే పాకావు, నా భుజమ్మీద కూర్చుని ఒకటో అర, రెండో అర అని నాతోపాటు లెక్కపెట్టావు! చదువుకుంటే లెక్క తిరగబడుతుందా? ఎవడు నేర్పాడే నీకు గేటు వైపు నుంచి! ఎవడు నేర్పాడు?"

అరుస్తూనే ఏడ్చేశాడు. అమ్మాయి తల వంచుకుని తిట్లన్నీ పడింది. స్టెనో చేతిలో పుస్తకం తెరిచే ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషి చెబుతుంటే ఆవిడ రాసుకోలేదు. ఏం తేల్చమన్నారో అది తేల్చింది. టైము పదకొండూ ముప్ఫై అయిదు. ఇంకా గడువు మిగిలింది కూడా.

ఇన్స్పెక్టరు కానిస్టేబుల్ వైపు తిరిగాడు. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "ఆయన బేడీలు తీసి..." అని ఆగి, మిగతా మాట అమ్మాయి వైపు చేత్తోనే చూపించాడు.

కానిస్టేబుల్ తాళంచెవి తీసి ముందుకొచ్చాడు. ముసలాయన రెండు పిడికిళ్ళూ గుండెకి అదుముకుని చెక్క గోడకి ఆనుకున్నాడు.

"తియ్యొద్దు. నావి నాకుండనీ," అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన చేతులు విడదీయాల్సి వచ్చింది.